సొంత చెరువు గట్టు: తుపానుకి ముందు చూసుకోవాల్సినవి, తుపానులో చేయాల్సినవి

ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. 2021లో గులాబ్ మాత్రం కాస్త తొందరపడి సెప్టెంబరు 26నే కళింగపట్నం పక్కన వచ్చింది. సరిగ్గా ఈ రోజుల్లోనే ఉత్తరాంధ్రలో మన వరి పొట్ట మీద ఉంటుంది. ఇంకో రెండు తడులు పడితే గాని గింజ నిండదు. అందుకని సొంత చెరువో బందో ఉన్న రైతు అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) మీద రెండు వరసల బస్తాలు పేర్చి నీళ్లు ఆపుకుంటాడు. గట్టుకి ఇంతకన్నా చేటు చేసే పని ఇంకోటి లేదు.

సొంత భూమిలో, మామిడి తోటలోనో జీడితోటలోనో, కొండవాలు నుంచి దిగే నీటిని ఆపడానికి 2 నుంచి 5 మీటర్ల ఎత్తున మట్టిగట్టు వేసుకున్నవాళ్ల కోసం ఇది రాశాం. చేపల కోసం వేసినా ఇదే వర్తిస్తుంది. 2021 ఆనకట్టల భద్రత చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకి, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మీ గట్టు దాని లెక్కలోకి రాదు. అంటే తనిఖీకి ఏ ఇంజినీరూ తనంతట తాను రాడు. చూసుకోవాల్సింది మీరే.

చిన్న గట్టు కదా అని తేలిగ్గా తీసుకోకండి. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయి 100 మందికి పైగా చనిపోయారు. ఎగువన చెరువు తెగి వచ్చిన నీరే ఆ వంతెనని తీసుకుపోయింది.

చెరువు వరదని ఆపుతుందా?

ఖాళీ ఉంటే ఆపుతుంది, నిండి ఉంటే ఆపదు. ఓ లెక్క వేసుకుందాం. మీ చెరువులోకి 100 ఎకరాల (40 హెక్టార్ల) నీరు దిగుతుందనుకోండి. ఇక్కడ తుపాను వానలో 100 మి.మీ. పడటం పెద్ద విషయం కాదు. అప్పటికే తడిసిన నేలలో సగం ఇంకి సగం పారిందనుకున్నా 20,000 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. మీ చెరువు నీటి విస్తీర్ణం 5 ఎకరాలు (2 హెక్టార్లు) అయితే, ఒక మీటరు ఖాళీలో సరిగ్గా 20,000 ఘనపు మీటర్లు పడతాయి. అలుగుకి మీటరు కిందన నీరు ఉంటే ఆ వాన మొత్తం చెరువు మింగేస్తుంది, కింద మడులకి తెలియను కూడా తెలియదు. అలుగు అంచుదాకా నిండి ఉంటే ఆ 20,000 కిందకి పోవాల్సిందే. నీరు పరుచుకోవడం వల్ల కాస్త ఆలస్యంగా, కాస్త నెమ్మదిగా పోతుంది, అంతే.

ఇందులో ఓ మెలిక ఉంది. అలుగు ఇరుకైతే నీరు ఎక్కువసేపు చెరువులోనే ఆగుతుంది, కింద రైతులు సంతోషిస్తారు. కానీ ఆ ఆగిన నీరు మీ గట్టు పైకి ఎక్కుతుంది. ఇద్దరికీ మంచి చేసేది ఒక్కటే: అలుగు వెడల్పుగా ఉండాలి, చెరువులో ఖాళీ ఉండాలి.

గట్టు తెగితే మాత్రం లెక్క తారుమారవుతుంది. 4 మీటర్ల గట్టు వెనక 40,000 ఘనపు మీటర్లు ఉండి తెగితే, గండి పూర్తిగా తెరుచుకున్న వేళ సెకనుకి 50 ఘనపు మీటర్లకు పైగా పోవచ్చు. అదే వానకి చెరువే లేకపోతే ఆ గెడ్డలో (వాగులో) సెకనుకి 4 నుంచి 6 ఘనపు మీటర్లే పారేది.

అలుగు ఎంత ఉండాలి

నీరు దిగే విస్తీర్ణాన్ని హెక్టార్లలో తీసుకోండి. గంటకి 75 మి.మీ. వాన, అందులో సగం పారుతుంది అనుకుంటే: 0.5 × 75 × 40 ÷ 360 = సెకనుకి దాదాపు 4.2 ఘనపు మీటర్లు. క్యూసెక్కుల్లో చెప్పాలంటే దాదాపు 150. పాత మద్రాసు ఇంజినీర్ల రైవ్స్ సూత్రంతో సరిచూసుకోవచ్చు: విస్తీర్ణాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని దాని 2/3 ఘాతాన్ని గుణకంతో హెచ్చించాలి. తీరానికి 80 కి.మీ. లోపు గుణకం 6.8, కొండ దగ్గర 10.2. మన 0.4 చదరపు కి.మీ.కి మైదానంలో 3.7, కొండ పాదంలో 5.5 వస్తుంది. సాలూరు, పార్వతీపురం, పాతపట్నం, మందస లాంటి కొండ దరి ఊళ్లలో పెద్ద అంకెనే పట్టుకోండి.

అలుగు మీద 45 సెం.మీ. లోతున నీరు పారితే మీటరు పొడవుకి సెకనుకి 0.5 ఘనపు మీటరు పోతుంది. కాబట్టి 4.2కి 8 మీటర్ల అలుగు, 5.5కి 11 మీటర్లు కావాలి. 30 సెం.మీ. లోతున మాత్రమే పారనివ్వాలంటే, అంటే రాయి పరచకుండా గడ్డితో సరిపెట్టుకోవాలంటే, 15 నుంచి 20 మీటర్లు. చాలా సొంత చెరువులకి 2 మీటర్ల సిమెంటు గాడి ఒకటి కనిపిస్తుంది. ఆ గాడి మీద 45 సెం.మీ. నీరు పారినా పోయేది సెకనుకి ఒక ఘనపు మీటరే. మిగతా నీరు గట్టు మీదుగా దారి వెతుక్కుంటుంది.

అలుగు గట్టు మీద కాదు, గట్టు కొసన, కదపని సహజ నేలని తవ్వి ఉండాలి. పారిన నీరు గట్టు అడుగుకి తగలకుండా దూరంగా గెడ్డలో కలవాలి. నీరు కిందికి దూకే చోట రాతి పరుపు వేయించండి. లేకపోతే అక్కడ గుంత పడి, అది ఏటికేడు వెనక్కి కోసుకుంటూ అలుగుదాకా వస్తుంది.

ఇక చేపల దడి సంగతి. నీటితో పాటు చేప పోకూడదని అలుగుకి అడ్డంగా వెదురు దడో, సన్న కన్ను వలో కడతారు. తుపాను మొదటి గంటలోనే ఆకులు, గడ్డి, గుర్రపుడెక్క వచ్చి దానికి అంటుకుంటాయి. దడి గోడ అయిపోతుంది. చేప పోకూడదంటే దడిని అలుగు గొంతులో కట్టకండి. చెరువు లోపలికి, అలుగు చుట్టూ అర్ధచంద్రంలా, అలుగు పొడవుకి కనీసం 4 రెట్లు పొడవుగా కట్టండి. ఒక్క మనిషి లాగితే ఊడివచ్చేలా ముడులు వేయండి. చేప పోతే ఒక పంట నష్టం. గట్టు పోతే చేపతో పాటు అన్నీ పోతాయి.

సెప్టెంబరు 15 నుంచి నవంబరు చివరిదాకా అలుగు మీద బస్తా గాని, పలక గాని, మట్టి గాని ఉండకూడదు. తడికి నీరు కావాలంటే డిసెంబరులో ఎత్తుకోండి, లేదా అంతకుముందే పొలంలో నిలుపుకోండి.

గట్టు ఎక్కడ కుంగిందో తెలుసుకోవడం

గట్టు ఎత్తు అంటే దాని సగటు ఎత్తు కాదు, అతి తక్కువ చోటి ఎత్తు. నీరు దాని మీదే ఎక్కుతుంది. ఆ చోటు కంటికి తెలియదు. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబ్ కొనుక్కోండి: 10 మి.మీ. పారదర్శక గొట్టం, 20 మీటర్లు. నీరు నింపి, బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసి, రెండు కొసలూ పక్కపక్కన పట్టుకోండి. రెండిట్లో నీరు ఒకే మట్టంలో ఉంటేనే మొదలుపెట్టండి. ఒకరు అలుగు అంచు మీద నిలబెట్టిన కర్రకి ఒక కొస పట్టుకోవాలి. రెండోవాళ్లు గట్టు మీద నడుస్తూ ప్రతి 5 మీటర్లకి కర్ర పెట్టి, అలుగు కన్నా గట్టు ఎంత ఎత్తుందో కాగితం మీద రాసుకోవాలి. గొట్టం చాలనప్పుడు ఆ మట్టాన్ని ఒక మేకు మీదకి దించి అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

అలుగు అంచు నుంచి గట్టు అతి తక్కువ చోటుకి కనీసం 1 మీటరు ఉండాలి. అలుగు మీద 45 సెం.మీ. నీరు పారుతున్నా ఇంకా 55 సెం.మీ. మిగలాలి, అలలకీ మీ లెక్క తప్పుకీ. తక్కువ చోట్లు సాధారణంగా రెండు ఉంటాయి. ఒకటి ట్రాక్టరో పశువులో దాటే దారి. రెండోది పాత గెడ్డ ఉన్నచోటు. అక్కడ మట్టి ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువ కుంగుతుంది. కుంగిన చోట పైన రెండు బుట్టల మట్టి పోసి వదిలేయకూడదు. 10 సెం.మీ. పైమట్టి, గడ్డితో సహా గీకి, తడిపి, మెట్లు కోసి, 15 సెం.మీ. పొరలుగా పోసి దిమ్మిసతో కొట్టాలి.

ఊట చూసే పద్ధతి

మట్టిగట్టు కింద కాస్త ఊట ఉండటం మామూలే. ఏది మామూలు, ఏది కాదు అన్నది తేల్చడానికి ఒక గాజు గ్లాసు చాలు. ఊట దగ్గర కూర్చుని, అడుగు మట్టి కదలకుండా గ్లాసు నింపండి. గట్టు మీద పెట్టి అరగంట ఆగండి. నీరు తేటగా ఉండి అడుగున ఏమీ లేకపోతే సరే. నీరు మసకగా ఉండి, అడుగున ఎర్రగానో తెల్లగానో సన్నటి పొర చేరితే, ఆ పొర మీ గట్టు లోపలి మట్టి. గట్టు లోపల గొట్టంలా దారి ఏర్పడుతోంది. అది కొద్ది గంటల్లో తెగే స్థితికి రావచ్చు.

ఊట ఉన్నచోట కర్ర పాతి, ఒక లీటరు సీసా ఎన్ని సెకన్లకి నిండుతుందో, ఆ రోజు చెరువు మట్టం ఎంతో పక్కపక్కన రాసి పెట్టుకోండి. చెరువు మట్టం అదే ఉండగా సీసా నిండే సమయం నెల నెలా తగ్గుతుంటే ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, ఆ గట్టు పాడవుతోంది. గట్టు కిందివైపు వాలు మీద ఎండాకాలంలో కూడా పచ్చగా తుంగ మొలిచిందంటే అక్కడా ఊట ఉంది.

ఊట మీద బంకమట్టి పోసి మూయడం అందరూ చేసే తప్పు. నీరు ఆగదు. వాలు లోపల ఒత్తిడి పెంచుకుని ఇంకోచోట, ఈసారి పెద్దగా, బయటపడుతుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు. ఊట చోటు 2 మీటర్ల చదరం అయితే ముందు 20 సెం.మీ. ముతక ఇసుక, దాని మీద 20 సెం.మీ. సన్న కంకర (10 నుంచి 20 మి.మీ.), పైన చేతి రాళ్లు. ఒక్కో పొరకి 0.8 ఘనపు మీటరు, అంటే ట్రాక్టరు ట్రక్కులో నాలుగో వంతు. ఈ వరస తారుమారు చేస్తే పనిచేయదు: రాళ్లు కింద వేస్తే ఇసుక వాటి సందుల్లోకి జారిపోతుంది.

తూము

చిన్న గట్లు తూము (మనవైపు చాలా ఊళ్లలో మదుము అంటారు) వెంట ఎందుకు తెగుతాయంటే, గొట్టానికి, మట్టికి మధ్య దిమ్మిస ఆనదు. గొట్టం కింది సగం పక్కన మట్టి వదులుగా మిగిలిపోతుంది. నీరు అక్కడి నుంచి దారి తీస్తుంది. కొత్తగా వేసేటప్పుడు గొట్టం పక్కల తడి బంకమట్టిని 10 సెం.మీ. పొరలుగా, చేతి దిమ్మిసతో, రెండు వైపులా సమానంగా కొట్టండి. జేసీబీ బకెట్‌తో అదిమితే గొట్టం పక్కకి జరిగి జాయింట్లు విడిపోతాయి. గట్టు కిందివైపు మూడో వంతులో గొట్టం చుట్టూ అన్ని వైపులా ఇసుక దిమ్మ కట్టండి. గొట్టం వెంట మట్టి తీసుకుని నీరు వస్తే అక్కడ మట్టి ఆగుతుంది, నీరు పోతుంది.

తలుపు గట్టు నీటివైపు ఉండాలి, బయటివైపు కాదు. బయట వాల్వు పెట్టుకుంటే గట్టు కడుపులోని గొట్టం ఏడాదంతా ఒత్తిడిలో ఉంటుంది. ఏ జాయింటు కారినా మీకు తెలియదు.

ఎంత గొట్టం? 2 హెక్టార్ల చెరువుని రోజుకి 30 సెం.మీ. దించాలంటే 6,000 ఘనపు మీటర్లు, అంటే సెకనుకి 70 లీటర్లు పోవాలి. 15 సెం.మీ. గొట్టం చాలదు. 20 సెం.మీ. బొటాబొటిగా సరిపోతుంది. 30 సెం.మీ. హ్యూమ్ పైపు అయితే సగం చెత్త పట్టినా పని అవుతుంది. తలుపు ఏటా జూన్‌లో, ఆగస్టులో ఒకసారి పూర్తిగా తెరిచి మూసి, స్క్రూకి గ్రీజు పెట్టండి. తుపాను రాత్రి తుప్పు పట్టిన తలుపు తెరుచుకోదు.

చెట్లు, బొరియలు, బీటలు

గట్టు మీద తాటిచెట్టు లేని చెరువు మన జిల్లాల్లో చూడలేం. తాటి వేరు పీచు వేరు, రావి, మర్రిలా గట్టుని చీల్చదు. ఆ మేరకు పెద్దవాళ్లు ఆలోచించే వేశారు. అయితే చచ్చిన తాడి మొద్దు లోపల గుల్లవుతుంది, ఆ గుల్లలోకి పందికొక్కు చేరుతుంది. వేప, తుమ్మ, రావి మొక్కలు మాత్రం మణికట్టు లావు కాకముందే వేరుతో సహా తీసేయండి. లావైన చెట్టుని నీరు ఉండగా నరకొద్దు. నరికిన చెట్టు వేర్లు మూడు నాలుగేళ్లలో కుళ్లి గట్టు అడ్డంగా సొరంగాలు మిగులుస్తాయి. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు మొద్దు, బొటనవేలు లావు పైబడ్డ వేర్లు తవ్వి తీసి, గుంతని మెట్లుగా కోసి, పొరలుగా నింపాలి. గట్టుకి అసలైన కవచం గరిక. నీటి అంచున వట్టివేరు వరస వేస్తే అల కోత తగ్గుతుంది.

పీత బొరియలు నీటి అంచు దగ్గర ఉంటాయి, లోతు తక్కువ. పందికొక్కు బొరియ లోతెక్కువ, రెండు నోళ్లు ఉంటాయి, కొత్త మట్టి కుప్ప కనిపిస్తుంది. చెదపుట్ట పైన కొట్టేస్తే చాలదు, కింద గదులు అలాగే ఉంటాయి, తవ్వి నింపాలి. బొరియని నోటి దగ్గర రాయితో మూసి ఊరుకోకండి. పలచగా కలిపిన బంకమట్టి, సిమెంటు (10కి 1) గంజిలా చేసి గరాటుతో పోస్తూ పోతే ఎంత పట్టిందో చూసి ఆశ్చర్యపోతారు.

బీట గట్టు పొడవునా ఉందా, అడ్డంగా ఉందా చూడండి. ఎండకి నెర్రెలు ఇచ్చిన నల్లమట్టి బీటలు మీటరు దాకా కూడా దిగవచ్చు. అడ్డంగా, నీటివైపు నుంచి పొలంవైపుకి పోయే బీట ప్రమాదకరం. అది నీటికి తెరిచిన దారి. సన్న ఊచ దింపి లోతు కొలవండి. బీట అంచులకి 30 సెం.మీ. అవతల దాకా తవ్వి, తడి మట్టి 10 సెం.మీ. చొప్పున కొట్టి నింపండి. పొడవునా బీట పడి, కింది భాగం ముందుకి ఉబ్బినట్టు ఉంటే వాలు జారబోతోంది. చెరువు నెమ్మదిగా దించి ఇంజినీర్ని పిలిపించండి.

కొత్తగా వేస్తుంటే

పొక్లెయిన్‌తో ఒక్క వారంలో పోసేసిన గట్టుని గట్టు అనలేం. అది మట్టికుప్ప. ముందు 20 నుంచి 30 సెం.మీ. పైమట్టి, వేర్లు తీసేయాలి. గట్టు మధ్యలో పునాది కందకం, అడుగున కనీసం 1.5 మీటర్లు వెడల్పు, నీరు ఇంకని పొర దాకా దిగి అందులోకి ఇంకో 60 సెం.మీ. ఎర్ర గరప నేలల్లో ఇది తప్పించుకోలేరు. ఇసుక పొర వదిలేస్తే నీరంతా గట్టు కిందుగా పోతుంది.

మట్టి: 20 నుంచి 30 శాతం బంక ఉండాలి. చిటికెడు పొడి మట్టి గడ్డని గ్లాసు వాననీటిలో వేసి కదపకుండా చూడండి. గడ్డ చుట్టూ పాలలా మబ్బు పడితే ఆ మట్టి నీటిలో కరిగిపోయే రకం, వాడొద్దు. తేమ: గుప్పెడు పిసికి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు ముక్కలైతే సరి. పొడైతే నీరు చల్లండి. అట్టులా అతుక్కుంటే ఒకరోజు ఆరనివ్వండి. పొర 20 సెం.మీ. మించకూడదు, బుడిపెలున్న షీప్‌ఫుట్ రోలర్‌తో 8 సార్లు తొక్కించాలి. రోలర్ దొరక్కపోతే నిండు ట్రక్కుతో ట్రాక్టరుని 10 సార్లు. కింది పొరని గీకి తడిపి కాని పై పొర వేయొద్దు.

నీటివైపు వాలు 3:1 (మీటరు ఎత్తుకి 3 మీటర్ల అడ్డం), బయటివైపు 2:1 (ఇసుక పాలు ఎక్కువైతే 2.5:1), పైన 3 మీటర్ల వెడల్పు. 4 మీటర్ల ఎత్తుకి అడుగు వెడల్పు 23 మీటర్లు అవుతుంది. ఇంత ఎత్తున 50 మీటర్ల పొడవుకి 2,600 ఘనపు మీటర్లు దిమ్మించిన మట్టి, అంటే వదులుగా వెయ్యికి పైగా ట్రాక్టరు ట్రిప్పులు. ఎవరైనా 400 ట్రిప్పుల్లో చేసేస్తానంటే వాలు కోసేస్తున్నాడని అర్థం. కుంగుబాటు కింద 5 శాతం ఎత్తు ఎక్కువ వేయండి, ట్రాక్టరుతో తొక్కించింది అయితే 10. పొలంవైపు అడుగున, ఇసుక, కంకర పొరల మీద రాళ్ల పాదం తప్పదు.

గెడ్డకి అడ్డంగా వేసేది అయితే ముందు ఆగండి. గెడ్డ పోరంబోకు సర్కారుది. జలవనరుల శాఖ అనుమతి లేకుండా అడ్డుకట్ట వేయకూడదు. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా ఉంది. తెగి కింద నష్టం వస్తే పాత తీర్పు ఒకటి చాలామంది చెప్పుకుంటారు. 1874లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లో ఉన్న పై కోర్టు) మద్రాసు రైల్వే కేసులో కార్వేటినగరం జమీందారు చెరువులు తెగినందుకు ఆయన బాధ్యుడు కాదంది. కానీ అక్కడ ఆయన్ని కాపాడింది మూడు విషయాలు: అవి ఊళ్లకి నీరిచ్చే పాత చెరువులు, వాటిని నిలబెట్టడం ఆయన విధి, నిర్లక్ష్యం చేశాడని రుజువు కాలేదు. మీరు మీ లాభం కోసం వేసుకున్న కొత్త గట్టుకి, అలుగు మీద బస్తాలు పేర్చిన గట్టుకి ఆ తీర్పు గొడుగు పడుతుందని అనుకోవద్దు.

వాయుగుండం కబురు వినగానే

వాతావరణ శాఖ తీరంలో వాతావరణం పాడవడానికి 48 గంటల ముందు తుపాను అప్రమత్తత, 24 గంటల ముందు తుపాను హెచ్చరిక ఇస్తుంది. గట్టు ఉన్నవాళ్లు అంతకన్నా ముందే కదలాలి. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందనగానే తూము తెరవండి. రోజుకి 30 సెం.మీ. మించి దించొద్దు. తొందరగా దించితే నానిన నీటివైపు వాలు, వెనక నీటి ఆసరా పోయి జారిపోతుంది. మూడు రోజులు దొరికితే 90 సెం.మీ. ఖాళీ వస్తుంది. ఆ నీరు కిందకి ఎవరి మడిలోకి పోతుందో వాళ్లకి ముందే చెప్పండి. వాన మొదలయ్యాక తూము తెరిచి లాభం తక్కువ, కింద గెడ్డ అప్పటికే నిండి ఉంటుంది.

గట్టు దగ్గర పెట్టుకోవాల్సినవి: 200 ఖాళీ యూరియా బస్తాలు, ఒక ట్రక్కు ఇసుక, ఒక ట్రక్కు సన్న కంకర, 12 × 18 అడుగుల టార్పాలిన్ రెండు, పారలు, గునపాలు, మోకు, టార్చిలైట్లు. ఇసుక గట్టుకి పొలంవైపు కాకుండా గట్టు కొసన పోయించండి. తుపాను వేళ ట్రాక్టరు గట్టు ఎక్కకూడదు.

ఎగువన ఇంకో చెరువు ఉంటే ఆ రైతు ఫోను నంబరు మీ దగ్గర, మీది ఆయన దగ్గర ఉండాలి. 2021 నవంబరులో కడప జిల్లాలో పింఛా కట్ట దెబ్బతిని వచ్చిన వరదే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా పొర్లి దాన్ని తీసుకుపోయింది. పైన తెగితే కింద నిలబడటం కష్టం. పెద్ద ప్రాజెక్టులే అయినా సూత్రం ఒకటే.

నీరు గట్టు అంచుకి 30 సెం.మీ. దూరానికి వస్తే తక్కువ చోటు మీద బస్తాలు వేయండి. మూడింట రెండు వంతులే నింపి, మూతి మడిచి, ఇటుక కట్టులా జాయింటు మీద జాయింటు రాకుండా పేర్చి తొక్కాలి. అడుగున 3, మధ్యలో 2, పైన 1 చొప్పున 10 మీటర్ల పొడవుకి దాదాపు 110 బస్తాలు, 30 సెం.మీ. ఎత్తు. నీటివైపు టార్పాలిన్ కప్పి అంచులు బస్తాలతో అదమండి. ఇది గట్టుని ఒక రాత్రి కాపాడే పని మాత్రమే.

నీరు ఇంకా పెరుగుతుంటే గట్టుకి గండి కొట్టకండి. అడుగు వెడల్పు కోసింది గంటలో పది మీటర్లవుతుంది. గట్టు కొసన, అలుగు పక్కనో అవతలి కొసనో, కదపని గట్టి నేలని తవ్వి నీటికి దారివ్వండి. ఎక్కడ తవ్వాలో ఎండాకాలమే గుర్తు పెట్టుకోవాలి.

నీటివైపు సుడి కనిపిస్తే లోపల దారి పడిందన్నమాట. సుడి మీదకి టార్పాలిన్ జార్చి, మట్టిబస్తాలు వేయండి. పొలంవైపు బుగ్గలా పొంగుతుంటే చుట్టూ బస్తాలతో బావి కట్టి నీటిని లోపల నిలబెట్టండి. నీరు తేటగా వచ్చేదాకా ఎత్తు పెంచండి, పూర్తిగా మూయకండి. సుడిలోకి, గండి దగ్గరకి మనుషులు దిగకూడదు. చీకట్లో గట్టు మీదకి ఒంటరిగా పోవద్దు.

నీరు గట్టు మీదుగా పొర్లడం మొదలైనా, మురికి ఊట ఒక్కసారి పెరిగినా ఇక గట్టుని వదిలి మనుషుల్ని చూసుకోండి. గ్రామ సచివాలయం, తహశీల్దారు, జిల్లా విపత్తు కంట్రోల్ రూము 1077, లేదా 112. ఏమని చెప్పాలో ముందే కాగితం మీద రాసి ఉంచుకోండి: చెరువు ఎక్కడుంది, ఎంత నీరుంది, ఏ గెడ్డలోకి పోతుంది, కింద ఏ ఇళ్లు, ఏ కల్వర్టు, ఏ చెరువు ఉన్నాయి. ఈ దారి మీరు ఎండాకాలంలో ఒకసారి రెండు కిలోమీటర్లు నడిచి రాసుకున్నదై ఉండాలి.

తెగిన గండి పూడ్చేటప్పుడు

గండి నిలువుగా కోసుకుపోయి ఉంటుంది. ఆ నిలువు గోడకి ఆనించి కొత్త మట్టి పోస్తే రెండూ అతకవు. కొత్త మట్టి కుంగినప్పుడు మధ్యలో సందు పడుతుంది, వచ్చే ఏడు అక్కడే తెగుతుంది. రెండు వైపులా పాత గట్టుని వాలుగా, 2:1 కన్నా నిలువు కాకుండా కోసి, 30 సెం.మీ. మెట్లు పెట్టండి. అడుగున బురద, కొట్టుకొచ్చిన ఇసుక పూర్తిగా తీసి గట్టి నేల కనిపించేదాకా దిగండి. తర్వాత పొరలుగా, పైన చెప్పిన తేమతో. గండిపూడ్పుకి పాత గట్టు మట్టి లాంటి మట్టే వాడండి. చుట్టూ గరప ఉండి మధ్యలో వట్టి బంక పోస్తే ఎండాకాలంలో అది ముడుచుకుని అంచుల దగ్గర విడిపోతుంది. పూడ్చిన చోటుకి రెండు పక్కలా మేకులు పాతి, మొదటి రెండు వానాకాలాలు నెలకోసారి లెవెల్ ట్యూబ్‌తో కుంగుబాటు కొలవండి. మొదటి ఏడు చెరువుని సగానికి మించి నింపకండి.